డ్రైవరు కాళ్ళ కింది చోటు

మా కింది పోర్షన్ అంకుల్ పోయారన్న కబురు ముందు మా అమ్మకు తెలిసింది. తర్వాత నాన్నకు, ఆ తర్వాత పక్క విల్లా వాళ్ళకు, చివరికి వీధి మూల బకాలా కొట్లో పాలూ ఖుబ్బూస్ రొట్టెలూ అమ్మే అతనికి కూడా తెలిసింది. వాళ్ళందరి తర్వాత నాకు తెలిసింది. దుబాయ్‌లో ఆఫీసు మీటింగులో ఉన్నాను, ఫోను బ్యాగులో ఉంది. బయటికొచ్చి చూస్తే అమ్మ చేసిన మిస్డ్ కాల్స్, వాటి కింద ఒక్క ముక్క: "అంకుల్ ఇక లేరమ్మా. పొద్దున నిద్రలోనే." ఏడుపు తర్వాతెప్పుడో వచ్చింది. ముందు ఒళ్ళు మండింది. బకాలా అతనికంటే వెనకా నేను?

ఇక్కడి తెలుగువాళ్ళలో చాలామందికి ఆయన ఉగాది సభలో కుర్చీలు సర్దే మనిషిగా తెలుసు. సంతాప సభలో ఒక్కొక్కరే లేచి ఆ కుర్చీల సంగతే చెప్పారు. ఒకాయన ఆయనతో కలిసి పచ్చడికి బెల్లం తరిగానని చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. నేను వెనక వరసలో కూర్చుని, వీళ్ళకి ఆయన ఎంత తక్కువ దొరికారో అని లెక్కలేసుకుంటూ లోపల్లోపల సంతోషపడ్డాను. నాకు దొరికిన మనిషి వేరు. మోకాళ్ళ మీద కూర్చుని, లుంగీ ఎగగట్టి, పాత కారు కడుపులోకి తల దూర్చిన మనిషి. ఆ మనిషిని నేను ఎవరితోనూ పంచుకోలేదనే అనుకుంటూ వచ్చాను, ఆయన పోయిన సాయంత్రం ఆయన భార్య, మా ఆంటీ బొటనవేలు చూసేవరకూ.

అక్కడికి వస్తాను.

అబూధాబీ మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో మాది పై పోర్షన్, ఆయనా ఆంటీ కింద. ప్రహరీ లోపల ఒక కారు పట్టేంత జాగా వాళ్ళ వాటాకి వచ్చింది. ఆయన ఒక కాంట్రాక్టింగ్ కంపెనీలో డాక్యుమెంట్ కంట్రోలర్. వచ్చిన డ్రాయింగుకి ముద్ర కొట్టి లోపలికి పంపాలి, లోపలి దానికి ముద్ర కొట్టి బయటికి పంపాలి. "కాగితాలకి కఫీల్ని నేను, స్పాన్సర్ని. నేను వీసా కొట్టందే ఏదీ కదల్దు" అనేవారు. అమలాపురం వైపు మనిషి. కోపం వచ్చినా "ఆయ్" అనే అనేవారు, ఒప్పుకున్నా "ఆయ్" అనే అనేవారు. ఏది ఏదో కళ్ళజోడు ఎక్కడుందో చూసి తెలుసుకోవాలి. ముక్కు మీదుంటే ఒప్పుకున్నట్టు, నుదుటి మీదికెక్కితే జాగ్రత్త పడాలి.

కారు ఆయన పెళ్ళికి ముందు కొన్నది. పాత జపాను కారు, ఒకప్పుడు తెలుపు. ఆంటీ మొదటిసారి వీసా మీద వచ్చినప్పుడు ఎయిర్‌పోర్టు నుంచి అందులోనే తీసుకొచ్చారట. తర్వాత ఇంకో కారు కొన్నారు గానీ దీన్ని అమ్మబుద్ధి కాలేదు. గుడ్డ కప్పి గోడ వారగా నిలబెట్టారు. సముద్రం మీది ఉప్పు గాలి గుడ్డ కింద దూరి తన పని తాను చేసుకుంటూ పోయింది. ఆంటీ ఆ కారుని "నా సవతి" అనేది. పొద్దున్నే కిటికీలోంచి కేక వినిపించేది: "ఏవండీ, సవతికి స్నానం అయిందా? అయితే వచ్చి ఇడ్లీ తినండి. దానికి కూడా రెండు పెట్టమంటారా?" మేమందరం నవ్వేవాళ్ళం. వాళ్ళమ్మాయి బెంగుళూరులో ఉంటుంది. ఆ కారు వాసనకే ఆమెకు వాంతులు. కాబట్టి ఆమెతో నాకెప్పుడూ పేచీ లేదు.

కరోనా వచ్చిన ఏడాది కాలేజీ మూసేశారని విశాఖపట్నం నుంచి వచ్చి, విమానాలు ఆగిపోయి, అబూధాబీలో ఇరుక్కుపోయాను. నాకు ఒకచోట కూర్చోవడం చేతకాదు. ఆన్‌లైన్ క్లాసు వింటూ ఫోన్లో ఇంకో క్లాసు వెతుక్కునే రకం. ఇంట్లో అందరికీ విసుగు పుట్టించి, మేడ మెట్ల మీదికొచ్చి కూర్చునేదాన్ని. కింద ఆయన. ఆఫీసు ఇంటి నుంచే. ముద్ర కొట్టడానికి కాగితాలు లేవు. కారు మీది గుడ్డ తీసేసి దాని చుట్టూ తిరుగుతున్నారు.

"ఏంటమ్మాయ్, టికెట్టు కొన్నావా? అలా కూర్చుని చూత్తన్నావ్?"

"ఊరికే అంకుల్."

"ఊరికే చూసేవాళ్ళకి ఇక్కడ చోటు లేదు. యల్లా, దిగు. ఆ తీగ బ్రష్షు ఇటందుకో ఇంజినీరు గారూ."

"నాది కంప్యూటర్ సైన్స్ అంకుల్."

"అయితే ఏటంట? దీనికీ వైరస్సే పట్టింది."

అలా దిగాను కిందికి.

తుప్పు పట్టిన ఇనుముకి వేసే ఆ నల్ల పెయింటు గురించి నాకు తెలిసిందంతా ఆయనా నేనూ కలిసి పాడుచేసి నేర్చుకున్నదే. ఆయనేమీ మెకానిక్కు కాదు. ఆఫీసులో ముద్ర కొట్టే మనిషి వీడియోలు చూసి నమ్మకంగా మొదలుపెట్టిన పని అది. మొదటి డబ్బా తెరిచి, మూత పక్కన పెట్టి, ఆంటీ పిలిస్తే టీకి వెళ్ళాం. ఆ పెయింటు ఎండకి ఆరదు, గాలిలో చెమ్మ తాగి గట్టిపడుతుంది. డబ్బా పెట్టింది పై ఏసీ నీళ్ళు చుక్కచుక్కగా కారే గోడ కిందే. ఆగస్టు నెల. బయట నిలబడితే కళ్ళజోడు మీద ఆవిరి పట్టే రోజులు. ఇలా టీ తాగి అలా వచ్చేసరికి డబ్బాలో పైన తోలు కట్టింది. దాని కింద ఇంకో తోలు. ఆయన కర్ర పెట్టి కదిపి చూశారు. కళ్ళజోడు నుదుటి మీదికెక్కింది.

"మనకేమో ఈ ఉక్కలో ఏడుపొత్తంది, దీనికి పండగ" అన్నారు.

రెండో డబ్బాకి తెలివి తెచ్చుకున్నాం. కావలసినంత పెయింటు కాగితం కప్పులోకి వంపుకుని డబ్బా వెంటనే మూసేయాలి. కప్పులో మిగిలింది మళ్ళీ డబ్బాలో పోయకూడదు. బజారులో కరక్ చాయ్ తాగిన కప్పులన్నీ ఆయన కడిగి దాచేవారు. అయితే డబ్బా అంచుకి రవ్వంత పెయింటు అంటుకున్నా మూత అతుక్కుపోయి ఇక ఊడదు. స్క్రూడ్రైవరు ఒకటి విరిగింది. అప్పుడు నేనే అన్నాను, మధ్యలో ఏదైనా కవరు పెడితే? వంటింట్లోకి పరుగెత్తి ఖుబ్బూస్ వచ్చే పలచటి కవరు తెచ్చి, చదరంగా కత్తిరించి, డబ్బా నోటికి కప్పి, దాని మీద మూత నొక్కాను. మర్నాడు మూత వేలితో లేచింది.

"శభాష్ ఇంజినీరు గారూ! ఇక కవరు డిపార్టుమెంటు మీదే" అన్నారు.

దానికి నేను పెద్దగా పొంగిపోలేదు. నాకు కావలసింది బ్రష్షు. బ్రష్షు ఆయన చేతిలోనే ఉండేది. నాకు తీగ బ్రష్షుతో గీకడం, గిన్నెల సబ్బుతో జిడ్డు కడగడం, కప్పులోకి వంపడం, కవరు వేయడం. ఆయన బ్రష్షు పెట్టి ఒక చివర నుంచి రెండో చివరకు గీత గీసినట్టు లాగేవారు. వెనక్కి వచ్చేవారు కాదు. ఎర్రగా పొలుసులు దేలిన ఇనుము నల్లగా, తడిగా, కొత్త జోడు పాలిష్‌లా మెరిసేది. ఆ మెరుపు చూస్తూ కప్పు పట్టుకుని కూర్చునేదాన్ని. చేతులు దురద పెట్టేవి. కొన్ని రోజులు కారు మీదే కుళ్ళు పుట్టేది. కదలదు, పలకదు, పరీక్షలు రాయదు, అయినా ఒక మనిషి దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని పొద్దుగూకేదాకా దాన్నే చూస్తాడు.

ఆయన మాటలు రెండు మూడు ఇప్పటికీ నా నోట్లో తిరుగుతుంటాయి. మొదటిది గీకేటప్పుడు అన్నది. నేను తుప్పంతా పోయి వెండిలా మెరిసేదాకా గీకుతుంటే చెయ్యి పట్టుకుని ఆపారు.

"అంత ఒద్దమ్మా. రాలేదాన్ని రాల్చెయ్. ఉండేదాన్ని ఉండనీ. ఉండే తుప్పు మీదే ఈ పెయింటు పట్టుద్ది. మరీ నున్నగా చేసేత్తే పట్టదు, తొక్కలాగ ఊడొచ్చేద్ది."

నమ్మలేదు నేను. సనయ్యా గ్యారేజీల్లో వెల్డింగు చేయించిన కొత్త రేకు ముక్క మీద, గరుకు చేయకుండానే వేయమని పట్టుబట్టాను. వేశారు, నా మాట మీద. వారం తిరక్కుండా అది పాల మీది మీగడలా చేతికి లేచొచ్చింది. ఆయన ఆ నల్ల తొక్కని గాల్లోకెత్తి వెలుతురుకి పట్టి చూపించారు. "చూడు, నీలాగే ఉంది. నీకూ అంతేనమ్మా, ఏదీ పట్టదు. మరీ నున్నగా ఉన్నావ్." నేను మూతి ముడుచుకున్నాను. ఆంటీ కిటికీలోంచి "బాగా చెప్పారు" అంది. ఆంటీ కిటికీ దగ్గరే ఉండేది ఎప్పుడూ. కూరగాయలు అక్కడే తరుక్కునేది. అప్పట్లో దాని గురించి నేను ఆలోచించలేదు.

ఆ మాట మెల్లగా అన్నిటికీ వాడుకయింది. నా స్నేహితురాలికి జర్మనీలో సీటొచ్చిందని మెట్ల మీద కూర్చుని కడుపు రగిలి ఏడుస్తుంటే ఆయన కారు కింద నుంచి తల బయటపెట్టి అడిగారు: "రాలేదా, ఉండేదా?"

"ఏంటి అంకుల్?"

"నీ కుళ్ళు. గీకితే రాలిపోద్దా, ఉండిపోద్దా?"

ఆలోచించి, "రాలిపోయేదే" అన్నాను. నిజంగానే రాలింది, రెండు రోజుల్లో. నాకు జర్మనీ అక్కర్లేదని కూడా తెలిసింది. ఆ తర్వాత ఏ ఉక్రోషం వచ్చినా ఆయన ముందు పెట్టేదాన్ని. నాకంటే ముందు ఉద్యోగం వచ్చిన క్లాస్‌మేట్, నాకంటే బాగా పాడే కజిన్, అందరూ రాలిపోయారు. ఉండేది ఏదైనా ఉంటే ఏం చేయాలని ఒకసారి అడిగాను. "పైన పెయింటు కొట్టి బండి నడుపుకోవాలి. మనం దాన్ని చంపట్లేదమ్మా, గాలి అందకుండా మూత్తన్నాం. లోపల అది ఉంటది, తినడానికేమీ దొరక్క."

ఆ పెయింటు మరక చర్మానికి అంటితే సబ్బుకి పోదు, కిరోసిన్‌కి పోదు. పైతోలు మారేదాకా ఉంటుంది. గోటి మొదట్లో అంటితే గోరు పెరిగి బయటికొచ్చేదాకా. అమ్మ నా వేళ్ళు చూసి తల కొట్టుకునేది. నాకు మాత్రం గొప్ప. మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూకి ఎడమ చేతి వేళ్ళ మీద నల్ల మచ్చలతోనే వెళ్ళాను. అడిగితే చెప్పాలని ఎదురుచూశాను. ఎవరూ అడగలేదు.

ఉద్యోగం దుబాయ్‌లో వచ్చింది. బర్ దుబాయ్‌లో, చీరల కొట్లున్న వీధి వెనక, నలుగురమ్మాయిలం ఒక ఫ్లాట్లో ఉంటున్నాం. మొదట్లో సెలవు రోజుల్లో బస్సెక్కి వచ్చేసేదాన్ని. వారం సెలవు శుక్రవారం నుంచి ఆదివారానికి మారినప్పుడు ఆయన ఫోను చేసి, "ప్రభుత్వం మన పెయింటింగు షెడ్యూలు మార్చేసింది" అన్నారు. తర్వాత ఒక ఉద్యోగం మానేశాను, ఇంకోటి పట్టాను, అదీ మానేశాను. ఆదివారాలు కూడా షిఫ్టులు పడ్డాయి. నేను కొత్త చోటికి మారినప్పుడల్లా ఆయన కారులో ఒక చోటు పూర్తయ్యేది. డిక్కీ అయింది, వెనక చక్రాల గూళ్ళయ్యాయి, తలుపుల కింది అంచులయ్యాయి. ఫోటోలు పంపేవారు. ఆ ఫోటోలు చూసినప్పుడు నాకు పుట్టింది మామూలు కుళ్ళు కాదు. ఈయన ఇన్నేళ్ళు ఒకే ముద్ర కొట్టారు, ఒకే కారు గీకారు, ఒకే మనిషి కిటికీలోంచి పిలిస్తే టీకి వెళ్ళారు. ఆయనకి అది చాలింది. నాకు ఎందుకు చాలదు?

దుబాయ్ రోడ్లన్నీ కాలవలైన ఆ ఏప్రిల్ వాన గుర్తుందా మీకు? ఆ వానకి కారులోకి నీళ్ళొచ్చాయి. తివాచీ కింద నిలిచిన నీళ్ళు ఎవరూ చూసుకోలేదు. కొన్ని వారాలకి నేను వెళ్ళేసరికి డ్రైవరు కాళ్ళు పెట్టే చోట వేలు దూరేంత కంత. చుట్టూ ఎర్రటి పొడి. ఇన్నేళ్ళ పని ఇక ఖలాస్ అనుకున్నాను. ఆయన వేలు కంతలో పెట్టి కిందినుంచి నాకు ఊపి చూపించారు.

"బాగుంది కదూ గాలి? ఇక్కడ రేకు వేయిస్తాను. పెయింటు మాత్రం నేను వెయ్యను."

"మరెవరు?"

"నువ్వే. ఈ చోటు నీది. డ్రైవరు కాళ్ళ కింద నీ చెయ్యి పడాలి. కుదిరినప్పుడు రా. కంగారేం లేదు, అది ఎక్కడికి పోద్ది?"

బ్రష్షు ఇస్తానన్నారు. అన్నేళ్ళ తర్వాత. కిటికీలోంచి ఆంటీ, "ఏం, నా సవతి కాళ్ళు కూడా ఆ పిల్లే పట్టాలా?" అంది. అందరం నవ్వాం. నేను అందరికంటే ఎక్కువ నవ్వాను.

రేకు వేయించారు. గరుకు చేశారు. నేను వచ్చే వారం అన్నాను. ఆ వచ్చే వారం కొత్త ఆఫీసులో చేరే వారమయింది. తర్వాత ఇంకో వచ్చే వారం. ఒకసారి ఫోన్లో, "ముల్కియా గడువు దగ్గర పడతంది ఇంజినీరు గారూ. పాసింగుకి తీసుకెళ్ళాలి" అన్నారు. పాసింగు అంటే బండి తనిఖీ. అందులో నిలబడితేనే రోడ్డెక్కే కాగితం, ముల్కియా, కొత్తదవుతుంది. ఆయన గొంతులో తొందర ఉందో లేదో నాకు ఇప్పుడు గుర్తు లేదు. "మీరు వేసేయకండి, నేనొస్తా" అన్నాను. "ఆయ్" అన్నారు. ఫోన్లో కళ్ళజోడు కనపడదు కదా.

ఆయన చేతులు వణుకుతున్నాయని నాకు అమ్మ చెప్పలేదు. ఆయన చెప్పలేదు. టీ కప్పు రెండు చేతులతో పట్టుకుంటున్నారని మాత్రం అమ్మ ఒకసారి మాటల్లో అంది. చలికేమో అనుకున్నాను.

కబురు తెలిసిన రోజు సాయంత్రానికి ఇల్లు చేరాను. ఆంటీ సోఫాలో కూర్చుని ఉంది. బెంగుళూరు నుంచి అమ్మాయి ఇంకా రాలేదు. నేను పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి కేసి చూశాను. కుడిచేతి బొటనవేలి గోటి మొదట్లో నల్లగా, చంద్రవంకలా ఒక మరక.

ఆ మరక నాకు తెలుసు. ఆ మరకని అబూధాబీ మొత్తంలో గుర్తుపట్టగలిగిన మూడో మనిషి లేరు. ఆ చెయ్యి నా చేతిలో ఉంది, ఆ మనిషికి భర్త పోయాడు, నేను ఆ గోటిని చూస్తూ ఒకే ఒక్క ప్రశ్న నమిలి మింగుతున్నాను: ఎక్కడ వేశావు? ఏ చోట?

అది అడిగే సమయం కాదు. అడగలేదు. అంత్యక్రియలు ఇక్కడే జరిగాయి, అమ్మాయి వచ్చింది, వచ్చేవాళ్ళు వచ్చారు, సంతాప సభలో కుర్చీల కథలు అయ్యాయి. అవన్నీ అయి ఇల్లు కాస్త ఖాళీ అయిన ఒక మధ్యాహ్నం కిందికి దిగి కారు మీది గుడ్డ తీశాను. డ్రైవరు తలుపు తెరిచి, రబ్బరు మ్యాటు ఎత్తి, తివాచీ మడత పెట్టాను.

నల్లగా మెరుస్తోంది. పూర్తయిపోయింది. అయితే గీతలు లేవు. మధ్యలో మొదలై అంచులకి సుడి తిరుగుతూ వెళ్ళిన గుండ్రాలు, ఒకదాని పక్కన ఒకటి. పెనం మీద దోసె తిప్పే చెయ్యి అది.

"వేసింది నేనే."

ఆంటీ వెనక నిలబడి ఉంది. కొంగు భుజం చుట్టూ కప్పుకుని.

"చూశాను ఆంటీ."

"నీ చోటంట కదా అది. ఆయన చెబుతానే ఉన్నాడు, అది ఇంజినీరు గారిది, దాని జోలికి పోవద్దు అని. చేతులొణికి బ్రష్షు నిలవట్లేదు ఆయనకి. పాసింగేమో దగ్గరికొచ్చింది. రోజూ పొద్దున్నే కారు తలుపు తీసి ఆ రేకు కేసి చూసి మళ్ళీ వేసేత్తన్నాడు. నాకు ఒళ్ళు మండింది. 'ఇంజినీరు గారు దుబాయ్‌లో ఉన్నారు, పెళ్ళాం ఇంట్లో ఉంది, ఇటివ్వండి' అన్నాను."

నేను మడత పెట్టిన తివాచీ అంచు సర్దాను.

"కోపమా?"

"లేదు ఆంటీ."

"ఉంటది. ఎందుకుండదు? నాకుండేది కాదా ఏంటి ఇన్నాళ్ళూ?"

"కారు మీదా?"

"కారు మీద నాకేం పోటీయే? ఇనప ముక్క. అది నవ్వులాటకి అనేదాన్ని." ఆంటీ కారు తలుపు పట్టుకుని మెల్లగా పక్కనున్న మేడ మెట్టు మీద కూర్చుంది. "నువ్వు కప్పు పట్టుకుని కూర్చునేదానివి. ఆయన ఏవేవో చెబుతా ఉండేవాడు. అది రాలుద్ది, ఇది ఉంటది అని. ఇంట్లోకొత్తే కూర బాగుంది, ఏసీ తగ్గించు. అంతే. ఇన్ని మాటలున్నాయా ఈ మనిషి దగ్గర అని కిటికీలోంచి చూత్తా ఉండేదాన్ని. ఒక ఉల్లిపాయ ఎంతసేపు తరిగేదాన్నో."

అన్నేళ్ళ ఉల్లిపాయలు నా కళ్ళ ముందు నిలబడ్డాయి. ఇంజినీరులా ఒక పిచ్చి ప్రశ్న వేశాను. "రెండో పూత ఎప్పుడెయ్యాలో మీకెలా తెలిసింది ఆంటీ? మొదటిది పూర్తిగా ఆరకూడదు. వేలికి అంటీ అంటనట్టు ఉండాలి."

"ఆయనే నా వేలు పట్టుకుని తాకించాడు. అదిగో, అప్పుడంటింది ఇది." బొటనవేలు చూపించి, మళ్ళీ తన వైపు తిప్పుకుని చూసుకుంది. "ఇప్పుడే, ఇప్పుడే వెయ్యాలి అన్నాడు. ఆయన చెయ్యి ఒణుకుతా ఉంది, నా చెయ్యి కూడా ఒణికింది దాంతోపాటు. పాసింగు రోజున పక్కన కూర్చున్నాను. ఎయిర్‌పోర్టు నుంచి వచ్చిన రోజు కూర్చున్నట్టే. పాసయింది అనగానే ఆయన బ్రేకు మీద కాలు తీయకుండా నా కేసి చూసి, 'కాళ్ళ కింద నువ్వే ఉన్నావు, జాగర్త' అన్నాడు. వెధవ జోకు."

నవ్వింది. కొంగుతో ముక్కు తుడుచుకుంది.

నాతో మాత్రం "తాకి చూడు" అనేవారు. అంతే అనేవారు. ఆ క్షణంలో ఆయన ఎదురుగా ఉంటే కళ్ళజోడు సర్దుకుని అడిగేవారు, రాలేదా ఉండేదా అని. నాకు జవాబు తెలుసు. ఉండేదే అంకుల్. ఇది గీకినా రాదు.

ఆంటీ లేచి వెళ్ళి గోడ వారనున్న డబ్బా తెచ్చింది. "ఇది నువ్వు తీసుకుపో. ఇంకా సగం ఉంది. కానీ మూత రావట్లేదు. పాసింగయ్యాక స్టెప్నీ కింద కొంచెం వేద్దామని ఆయన తియ్యబోతే రాలేదు. స్క్రూడ్రైవరు పెట్టి తిప్పి తిప్పి, 'ఓర్నీ! కవరు!' అని ఒకటే నవ్వు. ఏం కవరండీ అంటే చెప్పడు. 'కవరు డిపార్టుమెంటు దుబాయ్‌లో ఉంది' అంటాడు. ఏం కవరే అది?"

డబ్బా అంచు చుట్టూ చూశాను. మూతకీ డబ్బాకీ మధ్య ఏమీ లేదు. ఇనుముకి ఇనుము అతుక్కుపోయి ఉంది, సన్నటి నల్లటి దారంలా.

"ఏం లేదు ఆంటీ" అన్నాను.

చెప్పలేదు. వంటింట్లో ఖుబ్బూస్ కవర్లు ఉండే ఉంటాయి. ఒక్క మాటతో అయిపోయేది. వేలు పట్టుకుని తాకించడం ఆమెకుంది, ఎయిర్‌పోర్టు నుంచి వచ్చిన దారి ఉంది, డ్రైవరు కాళ్ళ కింది చోటు ఉంది. ఇది నాకుండనీ అనుకున్నాను. ఇప్పుడిది చదివితే ఆంటీకి తెలుస్తుంది. తెలిస్తే ఫోను చేసి తిడుతుంది. తిట్టమనే రాస్తున్నాను.

కారుని ఏం చేయాలో ఆంటీ ఇంకా తేల్చుకోలేదు. వారానికోసారి మా నాన్న దాన్ని స్టార్టు చేసి కాసేపు ఉంచుతారు. ఆంటీ పక్క సీట్లో కూర్చుంటుందట.

డబ్బా బర్ దుబాయ్‌లో నా కిటికీ దగ్గర, నీడలో ఉంది. మా ఫ్లాట్ అమ్మాయిలు అది ఏంటని అడిగి అడిగి మానేశారు. పొద్దున ఆఫీసుకి వెళ్ళేముందు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి ఊపుతాను. తెచ్చిన కొత్తలో నీళ్ళలా చప్పుడు చేసేది. మూసేలోపు తాగిన చెమ్మకి కాబోలు, ఈమధ్య చప్పుడు బరువెక్కింది. తేనె సీసా ఒరిగించినట్టు, అటు వాలి, కాస్త ఆలోచించి, ఇటు వస్తుంది. ఇంకా వస్తోంది.